రెండో ఓడ రక్తం

కొత్తలంక రక్తం గది దినచర్య. రాస్తున్నది పేరిచర్ల మంగతాయారు.

212వ రోజు

నమూనాలు ముప్పై ఒకటి. గడ్డకట్టిన కాలు ఒకటి, పుండు పడి మానని కాళ్ళు రెండు, మిగతావన్నీ మామూలు ఉబ్బు నరాలు. మామూలు అంటే ఇక్కడి మామూలు. భూమి మీద పాతిక కిలోలుండే మూట ఈ నేల మీద ముప్పై ఐదు తూగుతుంది. మనిషీ అంతే. పాదాల్లోకి దిగిన రక్తానికి మళ్ళీ గుండె దాకా ఎక్కడమంటే బద్ధకం. అందుకే ఇక్కడ తల పల్లానికి, కాళ్ళు ఎత్తుకి పెట్టి వాలు పలకల మీద పడుకుంటాం. పదిహేనేళ్ళు దాటిన ప్రతి మనిషి పిక్కలకీ పట్టీలుంటాయి. నాలుగు నిమిషాలకోసారి అవి పిక్కల్ని పిండుతాయి. రోజుకు రెండుసార్లు రక్తం పలచబడే మందు ఎక్కిస్తాయి. ఎవరికెంత మందో మోతాదు పెట్టె నిర్ణయిస్తుంది. ఊళ్ళో పట్టీలన్నీ ఆ ఒక్క పెట్టె మాటే వింటాయి గనక అందరి పిక్కలూ ఒకే క్షణంలో బిగుసుకుంటాయి. బజారులో నిలబడితే ఏదో పెద్ద జంతువు ముక్కుతో గాలి వదిలినట్టు వినిపిస్తుంది. కొత్తగా వింటే ఒళ్ళు జలదరిస్తుంది. ఇక్కడ పుట్టిన నాకే అప్పుడప్పుడు జలదరిస్తుంది.

మధ్యాహ్నం యాషెన్ వచ్చింది. పట్టీలు బాగుచేసే పని ఆమెది. నాతో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. ఇప్పుడు ఏడో నెల. ఆమెది రెండో ఓడ, చలి దేశాల నుంచి వచ్చింది. మాది గోదావరి లంకల వాళ్ళు ఎక్కిన మొదటి ఓడ. రెండు ఓడలూ ఆకాశం దాటి ఇక్కడ దిగి డెబ్భై ఏళ్ళు. ఇప్పుడు అందరి మాటా ఒకటే. ముఖాలూ పేర్లూ మాత్రం ఇంకా కలవలేదు.

"తాయారక్కా, ఇదేంటో ఓసారి సూడవా?" అంటూ కుడి పిక్క చూపించింది.

నేరేడుపండు రంగులో కమిలిన గీతలు. ఒక పక్క నాలుగు, రెండో పక్క ఒకటి. ఎవరో గట్టిగా పట్టుకుని లాగినట్టు.

"ఎవరే ఇది?" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

"మా ఆయనేమో అనుకుంటున్నావా? ఆయన గనిలోకి దిగి పదకొండు రోజులు. ఇంట్లో నేనూ మా అమ్మా తప్ప ఎవరున్నారు?"

215వ రోజు

యాషెన్ తల్లి ఇల్గా అవ్వ కర్ర పోటేసుకుంటూ వచ్చి బల్ల మీద కూర్చుంది. రెండు పిక్కలకీ అవే ఐదేసి వేళ్ళు.

"నేల పట్టుకుంటోంది తల్లీ," అంది నెమ్మదిగా. "డెబ్భై ఏళ్ళు మోసింది మమ్మల్ని. ఇంక కిందకి వచ్చెయ్యమంటోంది."

"ఊరుకో అవ్వా."

"నువ్వు ఊరుకోమంటే నేల ఊరుకుంటదా?"

సాయంత్రానికి అవే మచ్చలతో పదిహేడు మంది వచ్చారు. అందరూ రెండో ఓడ వాళ్ళే. అవ్వ పిక్క మీద నా అరచెయ్యి ఆనించి చూశాను. నా వేళ్ళు పొట్టివి, సరిపోలేదు. తర్వాత ఆమె పట్టీ విప్పి లోపలివైపు తిప్పాను. అక్కడ ఐదు మెత్తలున్నాయి, నాలుగు ఒక వరస, ఎదురుగా ఒకటి. మచ్చల మీద పెడితే అచ్చు గుద్దినట్టు సరిపోయాయి.

నేల కాదు, మేం తొడిగిన పట్టీయే. ఒక్క క్షణం ప్రాణం కుదుటపడింది. ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది. ఈ మెత్తలు ఎన్నో ఏళ్ళుగా ఇలాగే పిండుతున్నాయి. ఎవరికీ ఎన్నడూ కమల్లేదు. ఇప్పుడెందుకు కములుతోంది?

218వ రోజు

రాళ్ళ పని చేసే బోర్చూ పోయాడు. మధ్యాహ్నం గుమ్మం తలకు తగిలిందట. నవ్వుకుంటూ ఇంటికెళ్ళి అన్నం తిన్నాడు. తల నొప్పిగా ఉందన్నాడు. పొద్దుగూకేలోపు అంతా అయిపోయింది. తల ఫొటో తీశాం. సగం కపాలం నిండా రక్తమే.

అతని రక్తం ఒక గొట్టంలో తీసి పెట్టాను. గంట తర్వాత వంచితే నీళ్ళలా జారింది. నాలుగు గంటలకీ అంతే. మనిషి చల్లబడ్డాడు, చేతులు కొయ్యబారాయి. రక్తం మాత్రం గొట్టంలో అటు వంచితే అటు, ఇటు వంచితే ఇటు పరుగెడుతోంది. ఆ గొట్టాన్ని బీరువాలో వెనక్కి తోసి తలుపు వేశాను. నాకు చూడబుద్ధి కాలేదు.

219వ రోజు

కారణం దొరికింది. వెతికితే నా వేలి కిందే ఉంది.

నెల కిందటి వరకు ప్రతి మనిషి కాగితంలోనూ ఓడ గడి ఉండేది. ఒకటి అనో రెండు అనో రాసేవాళ్ళు. ఎవరికి ఏ వీధిలో ఇల్లు, ఎవరికి ఎంత నూనె, గనిలోకి ముందు ఎవరు దిగాలి, అన్నీ ఆ గడి చూసే జరిగేవి. మోతాదు పెట్టె కూడా దాన్ని చూసి రెండో ఓడ వాళ్ళకి సగం మందు ఇచ్చేది. దాని మీదే యాషెన్ సభలో లేచి నిలబడింది. "మా కాళ్ళకి సగం మందేనా? మేం సగం మనుషులమా?" అని అడిగింది. హాలంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. గడిని చెరిపేస్తూ తీర్మానం చేశారు. పెట్టెలోంచి చెరిపిన చెయ్యి నాదే. ఎంత సంతోషంగా చెరిపానో ఇప్పటికీ గుర్తుంది.

సగం ఎందుకిచ్చేవారో ఆరోజు ఎవరమూ అడగలేదు. ఈరోజు పెట్టె అడుగున ఉన్న పాత రాతలు తెరిచాను. మోతాదుల పట్టిక కట్టింది నూట పన్నెండు మంది రక్తం చూసి. నూట పన్నెండు మందీ మొదటి ఓడ వాళ్ళే. దాని కింద ఎవరో వైద్యుడు ఒక్క వాక్యం రాశాడు: "రెండో ఓడ వారిలో రక్తం గడ్డకట్టించే అంశాలు సగటున తక్కువ. సగం మోతాదు చాలును."

అంతే. ఈ సంగతి ఆ సగం తీసుకునే వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. డెబ్భై ఏళ్ళు వాళ్ళు దాన్ని అవమానంగానే మింగారు.

221వ రోజు

యాషెన్‌ని కూర్చోబెట్టి అంతా చెప్పాను. పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"అయితే బోర్చూని నేనే సంపేసినట్టా?"

"చెరిపింది నేను."

"అడిగింది నేను కదక్కా."

గడి మళ్ళీ పెడదాం అన్నాను. చివ్వున తలెత్తింది.

"వొద్దు. నీకు తెల్దు. మా అమ్మ సిన్నప్పుడు ఇంటి తలుపు మీద రెండో నంబరు ఉండేది. వైద్యానికనే పెడతారు. ఆనక బియ్యానికి వాడతారు. ఇంకేదైనా సూడు."

"ఇంకేదో చూసేలోపు నీకు పురుడొస్తుంది. ఈ రక్తంతో పురుడంటే ఏమవుతుందో తెలుసుగా?"

"నాకొక్కదానికి తగ్గించు, చేత్తో. ఊరందరికీ మాత్రం ఆ గడి తేవద్దు. మాటియ్యి."

మాటిచ్చాను.

222వ రోజు

మాట తప్పాను.

తలుపు వేసుకుని జాబితా ముందేసుకున్నాను. గడి లేదు గనక పేర్లు చూశాను. పేరు చూడటం, ముఖం తలుచుకోవడం, సగం అని కొట్టడం. పేరు చూసి పోల్చుకోలేకపోతే ఏ వీధో గుర్తు చేసుకున్నాను. మూడు వందల నలభై మంది. ఎక్కడా పెద్దగా తడుముకోలేదు. అదే నన్ను భయపెట్టింది. పెట్టెలోంచి చెరిపిన గడి నాలో చెక్కుచెదరకుండా ఉంది.

ఎవరికీ చెప్పలేదు. బయట ఊరంతా ఒక్కసారి గాలి వదిలింది.

233వ రోజు

మచ్చలు తగ్గుతున్నాయి. నేరేడు రంగు పోయి పసుపు రంగుకి తిరిగాయి. ఇల్గా అవ్వ నేల వదిలిపెట్టిందని చెప్పి చలిమిడి పంచింది. నా చేతిలోనూ ఒక ముద్ద పెట్టింది. తిన్నాను. యాషెన్ మాత్రం నాకేసి రెండుసార్లు అదోలా చూసింది.

236వ రోజు

తేమిర్ నా చేతుల్లో పోయాడు.

ఉమ్మడి వంటశాలలో వంటమనిషి. నలభై నాలుగేళ్ళు. రెండో ఓడ మనిషి, యాషెన్‌కి చిన్నాన్న వరస. పొద్దున్నే ఎడమ కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. ఆ కాలు గుమ్మడికాయలా ఉబ్బి, తోలు మెరుస్తోంది.

"రెండ్రోజుల్నించీ ఇలాగే ఉందండి. పప్పు మాడిపోద్దని రాలేదండి," అన్నాడు. బల్ల మీద కూర్చోబోతూ ఆగాడు. "తాయారు గారూ, ఊపిరందట్లేదండి."

నా మణికట్టు పట్టుకున్నాడు. పట్టు చాలా గట్టిగా ఉంది. ఆ పట్టులోనే కళ్ళు నిలబడిపోయాయి. వేళ్ళు విడదీయడానికి నాకు చాలాసేపు పట్టింది. కాల్లో కట్టిన గడ్డ ఊపిరితిత్తుల్లోకి ఎక్కింది.

రక్తం తీశాను. బీరువా దగ్గరికి నడిచేలోపే గొట్టంలో జున్నులా బిగుసుకుంది. అతనికి సగం మందు కాదు, నిండు మోతాదు మీద ఇంకాస్త కావాలి. సగం మందు మీద ఇన్నేళ్ళూ అదృష్టం కొద్దీ నెట్టుకొచ్చాడు. నేను పేరు చూసి మళ్ళీ సగం కొట్టాను.

ఆ వైద్యుడు సగటు అని రాశాడు. నిజమే రాశాడు. కానీ సగటు ఎవరి కాళ్ళలోనూ ప్రవహించదు.

237వ రోజు

యాషెన్‌కి చెప్పేశాను. పట్టీకి కుట్లు వేస్తోంది. సూది ఆపింది.

"ఎప్పుడు చేశావు?"

"నీకు మాటిచ్చిన మర్నాడు."

"నాకు చెప్పకుండా."

"చెప్తే ఒప్పుకునేదానివి కాదు."

"కాదు." పట్టీ ఒళ్ళో పెట్టుకుని అంది, "ఒప్పుకోకపోతే ఇంకో నలుగురు బోర్చూలాగే పోయేవాళ్ళు. అదీ తెలుసు నాకు. అందుకే నీ మీద కోపం కూడా సరిగ్గా రావట్లేదక్కా. వస్తే బాగుండును."

ఏడవలేదు. సూది మళ్ళీ గుచ్చింది, తీసింది. కుట్టు ముగించి అడిగింది.

"ఒక్కొక్కరి రక్తం విడివిడిగా సూడలేవా?"

"ఆ పరీక్షకి పొడి కావాలి. నలభై మందికి సరిపడా మిగిలింది. ఇంకో ఓడ రాదు."

"పొడి పుట్టకముందు ఏం చేసేవోళ్ళు?"

నా చదువులో ఎక్కడో అడుగున ఉన్న సంగతి అప్పుడు పైకి తేలింది. శుభ్రమైన గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి, గుప్పిట్లో ఒంటి వేడికి ఉంచి, నిమిషానికోసారి వంచి చూడటం. ఎన్నో నిమిషానికి జారడం ఆపిందో లెక్క. అంతే పరీక్ష. కానీ గాజే కావాలి. మేం వాడే ప్లాస్టిక్ గొట్టాల్లో రక్తానికి తొందర ఉండదు, ఇష్టమొచ్చినప్పుడు కడుతుంది. కొత్తలంకలో గాజు ఊదేవాళ్ళు లేరు. ఉన్న గాజంతా మొదటి ఓడ సామాను దాచిన ప్రదర్శన గదిలో ఉంది.

239వ రోజు

ఆ గది తాళం సభ పెద్ద గంగరాజు గారి దగ్గరుంటుంది. అరవై దాటిన మనిషి, మొదటి ఓడ, మాట నెమ్మది.

"ఎందుకండీ ఈ శ్రమంతా?" అన్నాడు. "ఆ గడేదో తిరిగి పెట్టెయ్యండి. ఒక్క పూటలో అయిపోద్ది."

"ఆ పని నేను చేసేశానండి. చెప్పకుండా చేశాను. తేమిర్ అందుకే పోయాడు."

ఆయన కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు.

"ఈ మాట సభలో చెప్తారా?"

"చెప్తానండి."

ఆయన తాళం బల్ల మీద పెట్టాడు, కానీ వెంటనే చెయ్యి తియ్యలేదు. వంగి కుడి కాలి పంట్లాం మోకాలి దాకా మడిచాడు. ఆ పిక్క మీద ఐదు వేళ్ళు, నల్లగా, తాజాగా.

"చాన్నాళ్ళుగా వస్తూ పోతూ ఉన్నాయండి," అన్నాడు నేల చూస్తూ. "ఇప్పుడేమో రెండో ఓడ జబ్బని అంటున్నారు కదా ఊళ్ళో. నాకెలా వస్తదని... మా ఆవిడికి కూడా చూపించలేదండి."

240వ రోజు

సభలో చెప్పాను. నిలబడి చెప్పాను, కాళ్ళు లాగుతున్నా. పట్టిక, నూట పన్నెండు మంది, ఆ ఒక్క వాక్యం, చెరపడం, మళ్ళీ దొంగతనంగా పేర్లు చూసి కొట్టడం, బోర్చూ, తేమిర్. నాలుగు నిమిషాలకోసారి హాలంతా కలిసి గాలి వదిలింది. నా మాటలకి ఊ కొడుతున్నట్టుంది.

తేమిర్ భార్య సాయినా లేచింది. వరసల మధ్యనుంచి నెమ్మదిగా నా దగ్గరికి నడిచి వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా తప్పుకోకూడదనుకున్నాను. ఆమె చొక్కా చెయ్యి పైకి లాగింది.

"నాది ముందు తియ్యి," అంది. "పిల్లలకి నేనొక్కదాన్నే ఉన్నాను."

259వ రోజు

పరీక్షలు పూర్తయ్యాయి. నలభై రెండు గాజు గొట్టాలు. వాటినే కడగడం, కాల్చడం, చల్లార్చడం, మళ్ళీ నింపడం.

ఎవరి గొట్టం వాళ్ళ గుప్పిట్లోనే పెట్టాం. నా చేతులు చాలక అలా చెయ్యాల్సి వచ్చింది. నలభై మంది బెంచీల మీద వరసగా కూర్చుని ఎవరి రక్తం వాళ్ళు పట్టుకుని చూసుకుంటున్నారు. కోడిపెట్టలు గుడ్లు పొదిగేటట్టు. ఎవరూ పక్కవాడి గుప్పిటకేసి చూడరు, కానీ అందరి చెవులూ అటే. నేను నిమిషం చెప్తాను. నలభై చేతులు ఒక్కసారి వంగుతాయి. ఎవరో ఒకరు "నాది ఆగింది" అంటారు. ఇరవై దాటినా ఆగని వాళ్ళు క్రమంగా తెల్లబడతారు. ఆ గదిలో నాకు రోజూ భయమేసింది. ఎందుకో చెప్పలేను. మనిషి తన ప్రాణాన్ని బయటికి తీసి చేతిలో పట్టుకుని, అది ఏం చేస్తుందోనని ఎదురుచూడటం నేనెక్కడా చూడలేదు.

కొన్ని ఇక్కడ రాస్తున్నాను. సాయినా తొమ్మిది నిమిషాలు. నేను పద్నాలుగు. ఇల్గా అవ్వ ఇరవై ఎనిమిది, సగం మందు మీద కూడా. గంగరాజు గారు ముప్పై ఒకటి. "మాది మొదటి ఓడ కదండీ," అన్నాడాయన గొట్టంతో. అది జారుతూనే ఉంది.

అందరి లెక్కా వేశాక ఒక నిజం ఒప్పుకోవాలి. రెండో ఓడ వాళ్ళలో ఎక్కువమందికి రక్తం నిదానంగానే కడుతోంది. ఆ వైద్యుడిది అబద్ధం కాదు. కానీ వాళ్ళలో అరవై మందికి నిండు మోతాదు కావాలి. మా వాళ్ళలో యాభై మూడు మందికి సగం కూడా ఎక్కువ. గడిని నమ్మి ఉంటే ఆ నూట పదమూడు మందిలో ఎవరెవరు పోయేవాళ్ళో ఇప్పుడు పేర్లు పెట్టి చెప్పగలను. బజారులో ఎదురుపడుతుంటారు. పలకరిస్తారు. నేను మాత్రం లెక్కపెట్టుకుంటూ ఉంటాను.

ఈరోజు నుంచి పెట్టెలో ప్రతి పేరుకీ దాని సొంత అంకె. ఓడ గడి లేదు.

268వ రోజు

యాషెన్‌కి పురుడు.

మొన్ననే మందు ఆపేశాను. ఆపితే గడ్డ కట్టే భయం, ఆపకపోతే రక్తం ఆగని భయం. నిన్నంతా ఆమె రెండు కాళ్ళూ నేనూ ఇల్గా అవ్వా వంతులవారీగా చేతుల్తో పిండుతూ కూర్చున్నాం.

మధ్యాహ్నానికి ఆడపిల్ల. గట్టిగానే ఏడ్చింది. మావి కూడా పూర్తిగా వచ్చింది. రక్తం మాత్రం ఆగలేదు. ఈ నేల మీద రక్తం కారదు, పడుతుంది. పలక అంచు నుంచి చప్పుడవుతూ పడింది. అవ్వ కూతురి పొత్తికడుపు మీద రెండు చేతులూ వేసి రుద్దుతూనే ఉంది, తన భాషలో ఏదో అంటూ ఏడుస్తోంది. డెబ్భై ఏళ్ళుగా ఇక్కడ ఎవరూ మాట్లాడని భాష.

గాజు గొట్టంలో కాస్త తీసి గుప్పిట పట్టాను. రెండో చేత్తో గుడ్డలు అందిస్తున్నాను.

ఐదో నిమిషం, జారింది. ఎనిమిది, జారింది. యాషెన్ పెదాలు సున్నంలా ఉన్నాయి.

"అక్కా, చలేస్తోంది."

"మాట్లాడుతూ ఉండు. పాపకి ఏం పేరు పెడతావు?"

"ఎవరి పేరూ పెట్టను. కొత్తది పెడతా."

పదో నిమిషం. జారింది, కానీ అంచుల్లో తడబడింది. నా చెయ్యి కదిలి అలా అనిపించిందేమోనని గోడకి ఆనించి చూశాను. పదకొండు. పలక మీంచి చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది. అవ్వ చేతులు రుద్దడం మానలేదు.

పన్నెండో నిమిషం గొట్టం వంచాను. కదల్లేదు. పూర్తిగా తలకిందులు చేశాను. కదల్లేదు. పలక అంచున ఒక బొట్టు వేలాడి, పడకుండా అక్కడే ఆగిపోయింది.

యాషెన్ కళ్ళు సగం తెరిచింది. "ఎంతక్కా?"

"పన్నెండు."

"మా అమ్మతో చెప్పు, ఇంక ఏడవొద్దని."

చెప్పాను. అవ్వ ఏడుపు ఆపలేదు.